ఎర్ర అంకె చెప్పని సంగతి

పొద్దున్నే ఏడు కాకుండానే మా వదిన ఫోను. మామూలుగా ఆ టైములో ఆవిడ స్టవ్వు దగ్గర నుంచి కదలదు. మనం చేసినా ఎత్తదు. అలాంటిది తనే చేసిందంటే ఏదో అయిందనే అనుకున్నాను.

"నిన్న రక్తం రిపోర్టులు వచ్చాయే. అందులో హోమోసిస్టీన్ అని ఒకటుంది. పదిహేను దాటకూడదట. నాకు ముప్ఫయ్యొకటి ఉంది. ఎర్ర అక్షరాల్లో వేశారు. మీ అన్నయ్యగారు ఫోన్లో చూసి, ఇది ఎక్కువైతే నరాలు ఉబ్బి చిట్లిపోతాయని రాసుందంటున్నారు. మాఘంలో పిల్ల పెళ్ళి పెట్టుకున్నాం. అమ్మకి అయినట్టే నాకూ అవుతుందేమోనే!"

"అలాంటిదేం లేదులెండి వదినా, కంగారు పడకండి" అన్నానే గానీ, ఆవిడ చివర్లో అన్న మాట నాకూ గుచ్చుకుంది. మా అత్తగారు యాభై నాలుగేళ్ళకే పోయారు. మధ్యాహ్నం బియ్యం ఏరుతూ ఏరుతూ "తల పగిలిపోతోందర్రా" అని చేట కింద పెట్టేశారు. వాంతి అయింది. దగ్గర్లోని నర్సింగ్ హోముకి తీసికెళితే పార్శ్వపు నొప్పి అని ఇంజక్షన్ చేసి పంపేశారు. మర్నాడు తెల్లవారకుండానే అంతా అయిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళకి మా పెద్ద బావగారు, నలభై ఏడేళ్ళ మనిషి, సరిగ్గా అలాగే పోయారు. "తల్లి రాతే కొడుక్కీ" అనుకుని ఏడ్చి ఊరుకున్నాం. అది రాత కాదేమో, రక్తసంబంధమేమో అని ఆ రోజు ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఇప్పుడు ఊరూరా "ఫుల్ బాడీ చెకప్" ప్రకటనలే. ఎనభై పరీక్షలు, సగం ధర, ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటారు. తీసుకున్నాక ఫోనుకి ఓ పుస్తకమంత రిపోర్టు వస్తుంది. అందులో ఒకటో రెండో ఎర్ర అంకెలు లేకుండా ఉండవు. ఆ ఎర్ర అంకెలు ఇళ్ళలో రేపుతున్న గుబులు అంతా ఇంతా కాదు. అందుకే ఈ హోమోసిస్టీన్ సంగతేమిటో కాస్త ఓపిగ్గా తెలుసుకున్నాను. తెలిసింది మీతోనూ పంచుకోవాలనిపించింది.

ఎక్కడిదీ హోమోసిస్టీన్?

మనం తిన్న పప్పులోనో, పాలలోనో, చేపలోనో ఉండే మాంసకృత్తులు కడుపులో అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. వాటిలో మెథియోనిన్ అనేది ఒకటి. దాన్ని ఒళ్ళు వాడుకునే దారిలో మధ్యలో తయారయ్యేదే హోమోసిస్టీన్. దాన్ని మళ్ళీ పనికొచ్చే పదార్థంగా మార్చడానికి ఫోలిక్ యాసిడ్, బి12, బి6 విటమిన్లు కావాలి. ఇవి చాలకపోతే అంట్లు తోమే మనిషి రాని రోజున తొట్టిలో గిన్నెలు పేరుకున్నట్టు హోమోసిస్టీన్ రక్తంలో పేరుకుపోతుంది. లీటరు రక్తంలో 5 నుంచి 15 మైక్రోమోల్స్ దాకా ఉంటే మామూలు అంటారు.

దీనికి చెడ్డపేరు రావడం వెనుక ఓ కథ ఉంది. పుట్టుకతోనే హోమోసిస్టీన్ విపరీతంగా, వందకి పైగా పెరిగిపోయే అరుదైన జబ్బు ఒకటుంది. హోమోసిస్టిన్యూరియా అంటారు. 1962లో బయటపడింది. ఆ జబ్బుతో అమెరికాలోని బోస్టన్ లో ఓ తొమ్మిదేళ్ళ పాపని ఆస్పత్రికి తీసుకొచ్చారు. మాటల్లో ఆ తల్లి, మా ఇంట్లో ఇలాంటిదే ఇంకొకటి జరిగింది, పిల్లకి వరసకి మామయ్య అయ్యేవాడు ఎనిమిదేళ్ళకే పోయాడు అని చెప్పింది. పాత రికార్డులు తీస్తే ఆ కుర్రాడు 1933లో పక్షవాతంతో పోయినట్టుంది. కిల్మర్ మెకల్లీ అనే డాక్టరు దాచిపెట్టిన ఆ నమూనాలు మళ్ళీ పరీక్షించి ఆశ్చర్యపోయాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడి రక్తనాళాలు ముసలివాళ్ళ నాళాల్లా గట్టిపడిపోయి ఉన్నాయి. 1969లో ఆయన, రక్తనాళాలు పాడవడానికి హోమోసిస్టీన్ ఒక కారణమని రాశాడు. అప్పట్లో అందరి చూపూ కొలెస్టరాల్ మీదే. ఆయన మాట ఎవరూ చెవిని పెట్టలేదు సరికదా, కొన్నేళ్ళకి హార్వర్డ్ లో ఉద్యోగం కూడా పోయింది. తొంభైల్లో మళ్ళీ ఆయన మాటకి విలువొచ్చింది.

ఈ కథలో నాకు నచ్చింది ఆ తల్లి. ఇంటి సంగతి గుర్తు పెట్టుకుని నోరు విప్పి చెప్పింది చూశారా, అదీ!

ముద్దాయా, సాక్షా?

మరి హోమోసిస్టీన్ తగ్గిస్తే జబ్బు తగ్గుతుందా? తగ్గించడం కష్టం కాదు. విటమిన్ మాత్రలు వేసుకుంటే నెలల్లో దిగుతుంది. అందుకే వేలమందితో పెద్ద పరీక్షలే చేశారు. నార్వేలో గుండెపోటు వచ్చిన 3,749 మందికి, మరో పరీక్షలో గుండెజబ్బో షుగరో ఉన్న 5,522 మందికి ఏళ్ళ తరబడి విటమిన్లు ఇచ్చి చూశారు. రెండింటి ఫలితాలూ 2006లో వచ్చాయి. అంకె అయితే దిగింది గానీ గుండెపోట్లు తగ్గలేదు. రెండో దాంట్లో పక్షవాతం మాత్రం కొంత తగ్గింది.

2015లో చైనా నుంచి ఇంకో కబురు వచ్చింది. బి.పి. ఉన్న 20,702 మందిలో సగం మందికి బి.పి. మాత్ర ఒక్కటే, మిగతా సగానికి దాంతో పాటు ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. నాలుగున్నరేళ్ళలో ఫోలిక్ యాసిడ్ పడ్డవాళ్ళలో పక్షవాతం తక్కువగా వచ్చింది. మొదటి వాళ్ళలో నూటికి 3.4, రెండో వాళ్ళలో 2.7. బాగానే ఉంది. కానీ తగ్గింది రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతం. నాళం చిట్లి వచ్చేదాంట్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మా వదిన భయపడుతున్నది సరిగ్గా ఆ చిట్లడం గురించే.

నాళాల ఉబ్బు ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా పొట్టలోని పెద్ద ధమని ఉబ్బినవాళ్ళలో, హోమోసిస్టీన్ ఎక్కువగా ఉండటం చాలా చోట్ల గమనించారు. అది నాళం గోడకి సాగే గుణాన్నిచ్చే పోగుల్ని దెబ్బతీస్తుందని ప్రయోగశాలల్లో, ఎలుకల్లో చూశారు. అయినా దాన్ని తగ్గిస్తే ఉబ్బు ఆగుతుందని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు. నేరం జరిగిన చోట కనిపించినంత మాత్రాన అందరూ ముద్దాయిలు కారు కదా. కొందరు సాక్షులు మాత్రమే అయివుంటారు.

మన పళ్ళెంలో లేనిది

అలాగని ఆ ఎర్ర అంకెని తీసి పారేయమని కాదు. మన దేశంలో అది ఎక్కువగా చెప్పే సంగతి వేరు. పుణెలో 204 మందిని పరీక్షించి 2001లో ఫలితాలు బయటపెట్టారు. మూడొంతుల మందికి పైగా హోమోసిస్టీన్ 15 దాటి ఉంది. దాదాపు సగం మందికి బి12 తక్కువ. బి12 అనేది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. ఆకుకూరలు గంపెడు తిన్నా రాదు.

మా వదిన సంగతే చూడండి. మొక్కుకుని పదిహేనేళ్ళుగా నీచు మానేసింది. పాలు ఆయనకీ పిల్లలకీ, పెరుగు అందరికీ. చివరికి ఆవిడకి మిగిలేది నీళ్ళ మజ్జిగ. పైగా రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర. ఆ మాత్రలు ఏళ్ళ తరబడి వేసుకున్నా, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడినా బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని ఆవిడ రెండేళ్ళుగా అంటూనే ఉంది. "వయసు" అని కొట్టిపారేశాం. అందరికీ వడ్డించి ఆఖర్న అడుగూ బొడుగూ తినే ఆడవాళ్ళ రక్తంలో అంకెలు సరిగ్గా ఉండాలంటే ఎలా ఉంటాయి చెప్పండి?

ఇక్కడ ఇంకో జాగ్రత్త. ఎవరో చెప్పారని ఉత్త ఫోలిక్ యాసిడ్ కొనుక్కుని మింగకూడదు. బి12 తక్కువగా ఉన్నప్పుడు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టే కనిపిస్తుంది. లోపల నరాలు దెబ్బతినడం మాత్రం ఆగదు. రెండూ చూసి డాక్టరు చెప్పినట్టు వాడాలి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోయినా హోమోసిస్టీన్ పెరుగుతుంది. అదీ చూసుకోవాలి.

అన్నట్టు, ఈ పరీక్షకి రక్తం తీసే పద్ధతి కూడా ముఖ్యమే. తీసిన రక్తాన్ని ఐస్ లో పెట్టి త్వరగా వేరుచేయాలి. లేకపోతే గొట్టంలో ఉండగానే ఎర్రకణాల నుంచి హోమోసిస్టీన్ ఊరుతూ ఉంటుంది. బయటి వేడిలో గంటకి నూటికి పది వంతుల చొప్పున అంకె పెరుగుతుంది. "ఆ అబ్బాయి సంచీలో ఐస్ ఉందా వదినా?" అని అడిగాను. "ఐసా? బండి మీద ఇంకో నాలుగిళ్ళకి వెళ్ళాలని పరుగులు పెట్టాడు" అంది. మళ్ళీ ఆస్పత్రిలోనే రక్తం ఇస్తే 22 వచ్చింది. బి12 మాత్రం నిజంగానే తక్కువ.

అసలు ఉబ్బు ఎందుకొస్తుంది?

పాత సైకిల్ ట్యూబుకి గాలి కొడితే అరిగిన చోట బుడగలా ఉబ్బుతుంది చూశారా, ఎన్యూరిజమ్ అంటే అదే. రక్తనాళం గోడ బలహీనపడ్డ చోట రక్తం ఒత్తిడికి ఉబ్బుతుంది. మనం వాడుకలో నరం అంటాం గానీ అది రక్తనాళం. ముఖ్యంగా రెండు చోట్ల వస్తుంది. ఒకటి మెదడులో. రెండోది గుండె నుంచి బయల్దేరి పొట్టలోకి దిగే పెద్ద ధమనిలో.

ఈ ధమని ఉబ్బుతోనే ఐన్‌స్టీన్ పోయాడు. 1948లో పొట్ట కోసి చూసి, ఆ రోజుల్లో తెలిసిన వైద్యం ప్రకారం ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టారు. ఆ తర్వాత ఆరేళ్ళకి పైగా బతికాడు. 1955 ఏప్రిల్ లో అది చిట్లింది. మళ్ళీ ఆపరేషన్ వద్దని తనే చెప్పి 18న కన్నుమూశాడు. ఆయన పైపు తాగేవాడు. పొట్టలో ఉబ్బు మగవాళ్ళకే ఎక్కువ. ఆడవాళ్ళకి వస్తే మాత్రం చిన్న సైజులోనే చిట్లే ప్రమాదం ఉంది. అందుకే మగవాళ్ళకి 5.5 సెంటీమీటర్లకి చేసే ఆపరేషన్ని ఆడవాళ్ళకి 5 దగ్గరే ఆలోచిస్తారు.

మెదడులో ఉబ్బు అలా కాదు. అది ఆడవాళ్ళకే ఎక్కువ, అందులోనూ ముట్లుడిగాక. పెద్దవాళ్ళలో నూటికి ముగ్గురికి తలలో ఇలాంటి చిన్న ఉబ్బు ఉంటుందని అంచనా. భయపడకండి, అందులో చాలామటుకు జీవితాంతం చిట్లవు. చిట్లేవి ఏడాదికి లక్షమందిలో పదిమందికి లోపే. కానీ చిట్లితే మటుకు ప్రాణాపాయం.

ఏవి చిట్లిస్తాయి? పెద్ద దోషులు రెండే. అదుపులో లేని బి.పి., పొగాకు.

"పొగాకు మగవాళ్ళ గొడవ" అనకండి. మా అత్తగారిది శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరు. ఆ పక్క ఆడవాళ్ళు అడ్డపొగ తాగడం తెలిసిందే. నిప్పు ఉన్న కొన నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. చేత్తో పని చేస్తూనే, పొగ ఆరకుండా. మా అత్తగారూ తాగేవారు. దానివల్ల అంగిలికి పుండు పడుతుందని, కేన్సర్ వస్తుందని డాక్టర్లు ఎప్పట్నుంచో చెబుతున్నారు. తల దాకా ఎవరి ఆలోచనా పోలేదు. ఫిన్లాండ్ లో అరవై వేలమందికి పైగా మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించి 2016లో చెప్పిందేమిటంటే, పొగ వల్ల మెదడులో ఇలా రక్తం చిమ్మే ముప్పు మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ పెరుగుతుందని.

మూడోది కుటుంబం. తల్లి, తండ్రి, తోబుట్టువులు, పిల్లల్లో ఇద్దరికి ఇలా అయివుంటే మిగతావాళ్ళు ఒకసారి తలకి స్కాన్ చేయించుకోవడం మంచిదని వైద్యుల సలహా. కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య జబ్బు ఉన్నా ముప్పే. మనిషి బాగా పొడుగ్గా, వేళ్ళు సన్నగా పొడుగ్గా ఉండే మార్ఫన్ జబ్బులో గుండె దగ్గరి ధమని ఉబ్బి చీలిపోతుంది. ఫ్లో హైమన్ అని అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి, 1984 ఒలింపిక్స్ లో వెండి పతకం గెలిచిన జట్టులో ఉంది. ఆరడుగుల అయిదంగుళాల పొడవు. 1986 జనవరిలో జపాన్ లో మ్యాచ్ మధ్య బెంచీ మీద కూర్చుని అలాగే ఒరిగిపోయింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళు. గుండెపోటన్నారు. ఇంట్లోవాళ్ళు పట్టుబట్టి పోస్టుమార్టం చేయిస్తే మార్ఫన్ అని తేలింది. దాంతో ఆమె తమ్ముడిని పరీక్షించారు. అతనికీ ఉంది. సమయానికి ఆపరేషన్ చేశారు. చూశారా, ఒక మరణానికి కారణం అడిగితే ఇంకో ప్రాణం నిలబడింది.

మరో మాట. మూత్రంలో మంట అనగానే మందుల షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ అడిగి కొనుక్కోవడం మనకి అలవాటు. ఆ జాతి మందుల వల్ల పెద్ద ధమని చీలే ప్రమాదం కొద్దిగా ఉందని, ధమని ఉబ్బు ఉన్నవాళ్ళకీ, ఆ ముప్పు ఉన్నవాళ్ళకీ వేరే మందు లేనప్పుడు తప్ప ఇవ్వొద్దని 2018 డిసెంబరులో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. చీటీ లేకుండా కొనే ముందు ఇది గుర్తుంచుకోండి.

సూది గుచ్చక్కర్లేని పరీక్ష

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మా వదిన రిపోర్టు నాలుగుసార్లు చూశాను. ఎనభై పైచిలుకు పరీక్షలు. అందులో బి.పి. లేదు! ఎందుకుంటుంది? బి.పి. రక్తంలో దొరకదు కదా. చేతికి పట్టీ కట్టి చూడాలి. రక్తం తీసుకెళ్ళే అబ్బాయికి ఆ పని లేదు. ఇంట్లో ఎవరెలా పోయారు, పొగాకు అలవాటుందా అని అడిగిన గడి కూడా లేదు. దేనివల్ల మనుషులు పోతారో అది వదిలేసి, దేనికి ధర కట్టవచ్చో అదే లెక్కపెట్టారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో నూటికి 21 మందికి బి.పి. ఎక్కువ. తెలుగు రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువే. వాళ్ళలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? కాన్పుల టైములో చూసిన బి.పి. తప్ప మళ్ళీ చూపించుకోని వాళ్ళు మన చుట్టూ కోకొల్లలు. ముప్ఫై దాటిన అందరికీ బి.పి., షుగర్ చూడాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. సబ్ సెంటర్లో పైసా ఖర్చు లేదు. అయినా వెళ్ళం. సగం ధరకి అని ఫోనులో కనిపిస్తే మాత్రం వెంటనే బుక్ చేస్తాం. తప్పు కంపెనీలదే అనను. మన తప్పూ ఉంది.

ఆ రోజే వదినని తీసుకుని పెద్దాస్పత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ ముందుగా రిపోర్టు చూడలేదు. పట్టీ కట్టి బి.పి. చూసింది. 168/102. "మీ ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా పోయారా?" అని అడిగింది. వదిన తల్లి సంగతి చెప్పింది, అన్న సంగతి చెప్పింది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, "మిగిలిన తోబుట్టువులెవరు?" అంది. అప్పటిదాకా నాకు తట్టనే లేదు. మిగిలింది మా ఆయనే.

"నాకేం, దుక్కలా ఉన్నాను" అని మా ఆయన రెండు వారాలు తప్పించుకున్నారు. పోరు పెట్టి లాక్కెళ్ళాను. ఇద్దరికీ రక్తనాళాలు కనిపించే ఎమ్మారై తీశారు. ఆయనకి ఏమీ లేదు, కానీ బి.పి. ఉంది. సిగరెట్లు మానమన్నారు. "మానేశాను" అంటున్నారు, జేబులు వెతుకుతూనే ఉన్నాను. వదినకి మూడు మిల్లీమీటర్ల చిన్న ఉబ్బు కనిపించింది. ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదని, బి.పి. అదుపులో పెట్టి ఏడాదికోసారి చూద్దామని అన్నారు. పెరిగితే తల తెరవకుండానే తొడ దగ్గరి నాళం గుండా సన్నని తీగ పంపి, ఉబ్బుని లోపలి నుంచి పూడ్చే వైద్యం ఉంది. 1990ల నుంచీ చేస్తున్నారు. మా అత్తగారి నాటికే ఉంది. మనకే తెలియదు.

"ఎప్పుడైనా పిడుగు పడ్డట్టు, జీవితంలో ఎన్నడూ లేనంత తలనొప్పి క్షణంలో వస్తే, మెడ బిగుసుకుపోయి వాంతి అయితే, మాత్ర వేసుకుని పడుకోవద్దు. స్కాన్ ఉన్న ఆస్పత్రికి వెంటనే రండి" అని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. నేను చేట కింద పెట్టేసిన మా అత్తగారిని తలుచుకున్నాను.

ఇప్పుడు వదిన బి.పి. మాత్ర వేసుకుంటోంది. బి12 ఇంజక్షన్లు అయ్యాయి. మొక్కు మొక్కే, కానీ గ్లాసుడు పాలు, కప్పు గడ్డపెరుగు తనకీ పెట్టుకుంటోంది. కాళ్ళ తిమ్మిర్లు తగ్గాయంటోంది.

మొన్న పెళ్ళి పనులకి వెళ్ళినప్పుడు పసుపు కుంకుమ, పట్టుచీరల లెక్కలు రాసే పుస్తకం చూపించింది. చివరి పేజీలో ఇంకో జాబితా ఉంది. అమ్మ, ఏ వయసులో, ఎలా. అన్న, ఏ వయసులో, ఎలా. తనకి ఏముంది, తమ్ముడికి ఏముంది. "ఇది పిల్లకి సారెతో పాటే ఇస్తాను. రేపు ఎవరైనా డాక్టరు అడిగితే చెప్పుకోవాలి కదే" అంది.